ఏడు దగ్గర ఆగిన లెక్క

మా ఇల్లు, వంటగది బల్ల
జనవరి 20

అక్కా,

నేను ఉత్తరం రాశానంటే ఏదో కొంప మునిగిందనే అనుకుంటావు. మునగలేదు గానీ నీళ్లు గడప దాకా వచ్చాయి.

నాలుగు నెలలుగా దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది. మొలలే కదా, ఎవరికి లేవు అని ఊరుకున్నాను. పొద్దున్నే లీకులు వినే కడ్డీ భుజాన వేసుకుని రోడ్డు చివరి దాకా నడిచేసరికి ఆయాసం వచ్చేది. యాభై నాలుగు దాటాయి, వయసనుకున్నాను. చివరికి నీ మరదలు కనిపెట్టి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూశారు. ఎడమపక్క, పేగు కిందికి దిగే చోట గడ్డ ఉందట. ముక్క తీసి పరీక్షకి పంపారు. నిన్న చెప్పారు, క్యాన్సరని. డాక్టరు చెబుతూనే ఉన్నాడు, నా చెవులు మాత్రం పక్కగదిలో కారుతున్న కుళాయిని వింటున్నాయి. ముప్ఫై ఏళ్లుగా నీళ్ల శాఖలో లీకులు పట్టేవాడి బతుకు అంతే మరి.

ఇంట్లో సంగతి చెప్పాలంటే, నీ మరదలు నన్ను చూసే చూపు నేను మనిషిని కాదు, కారుతున్న పైపునన్నట్టుంది.

నిన్ను అడగాల్సింది ఒకటుంది. అక్కడ అందరూ ‘స్టేజి తేలాలి, స్టేజి తేలాలి’ అంటున్నారు. అదెలా తేలుస్తారు? గడ్డ ఎంతుందో కొలిచి చెప్తారా, నా మొహం చూసి చెప్తారా? అడిగితే ‘ఇంకా పరీక్షలున్నాయి’ అంటారు తప్ప విడమరిచి చెప్పరు. నువ్వు నాకంటే ముందు నుంచే ఆసుపత్రి ల్యాబులో మనుషుల లోపలివి కోసి చూస్తున్నావు. నేను ఈ ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ మీ ఊళ్లో రైలు ఇరవై నిమిషాలు ఆగితే, భోజనం డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చావు, గుర్తుందా. నీ చేతులకి ల్యాబు మందు వాసన. ‘ఏమిటక్కా ఈ కంపు’ అన్నాను. ఇప్పుడు నా ముక్క కూడా ఆ కంపులోకే పోతుంది కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఫోను చెయ్యకు. చెవికి ఫోను ఆనించనని నీకు తెలుసు, నా తిండి ఆ చెవుల్లోనే ఉంది. పైగా నీ గొంతు వింటే నేను ఏడుస్తాను, నీ మరదలు చూస్తుంది.

నీ తమ్ముడు


ఆసుపత్రి ల్యాబు, వెనకగది
జనవరి 27

ఒరేయ్ పిల్లిచెవులూ,

నాలుగడుగుల లోతున నీళ్లు కారుతుంటే వినిపిస్తుంది నీకు. నీ కడుపులోది నాలుగు నెలలు వినిపించలేదా? తిట్టాలని రెండు పేజీలు రాసి చింపేశాను. తిట్లు తర్వాత తీరిగ్గా. ముందు అడిగినదానికి చెబుతాను.

స్టేజి అంటే గడ్డ సైజు కాదు. అది ఎక్కడి దాకా వెళ్లిందనేదే లెక్క. ఒక్కరోజులో, ఒక్కరు తేల్చేది కాదది.

మొదట నీ ఛాతీకి, పొట్టకి స్కాన్ తీస్తారు. కాలేయంలోకి గానీ ఊపిరితిత్తుల్లోకి గానీ పాకిందా అని చూడ్డానికి. పాకితే అది నాలుగో స్టేజి. రక్తంలో ఒక పరీక్ష చేసి ఒక అంకె రాసుకుంటారు. దాన్ని బట్టి స్టేజి చెప్పరు, తర్వాత్తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది, దానికి కంగారు పడకు. దూరంగా ఎక్కడా లేకపోతే ఆపరేషను. గడ్డ ఉన్న పేగు ముక్కని, దాన్ని పట్టుకుని ఉన్న కొవ్వుతో సహా కోసి తీస్తారు. ఆ ముక్క కుళ్లకుండా ఉంచే మందు డబ్బాలో పడి నా బల్లలాంటి బల్ల మీదికి వస్తుంది.

మిగతాది అక్కడ తేలుతుంది. పేగు గోడ నీ పైపులాగా ఒకే రేకు కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డ లోపలి పొరల్లోనే ఆగితే ఒకటో స్టేజి. కండపొర దాటి బయటికొస్తే రెండు. కానీ ఆ రెండు అనడానికి ఇంకో షరతుంది. పేగు చుట్టూ ఉన్న కొవ్వులో లింఫ్ గ్రంథులని చిన్న చిన్న గింజలుంటాయి. ఒంట్లో కొట్టుకొచ్చే చెత్తని పట్టి ఆపేవి అవే. క్యాన్సరు బయలుదేరితే చాలాసార్లు ముందు దొరికేది వాటికే. వాటిలో ఒక్కదాంట్లో కనిపించినా మూడో స్టేజి. అవి శుభ్రంగా ఉంటేనే ఒకటీ రెండూ.

ఆ గింజల్ని వెతకడమే నా పని. కొన్ని చిక్కుడు గింజంత ఉంటాయి, కొన్ని మిరియం గింజంత కూడా ఉండవు. అన్నీ కొవ్వు రంగులోనే ఉంటాయి. కంటికంటే ముందు వేళ్లకి తెలుస్తాయి. కొవ్వుని పలచగా కోస్తూ, వేళ్ల మధ్య నలుపుతూ పోవాలి. దొరికినవాటిని మా డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంది. కాబట్టి ఆపరేషనుకి ముందే ఎవరైనా ‘నీది ఫలానా స్టేజి’ అని తేల్చి చెబితే సగమే నమ్ము.

మరదలితో చెప్పు, ఇలాంటివాళ్లు నా కళ్ల ముందు చాలామంది లేచి ఇంటికెళ్లారని. నేను ఉత్తినే ధైర్యం చెప్పే మనిషిని కానని దానికి తెలుసు.

అక్క


మా ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 14

అక్కా,

ప్రాణం లేచొచ్చింది. రెండో స్టేజి.

స్కానులో కాలేయం, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని నీ మరదలు నీకు ముందే రాసింది కదా. ఆపరేషనైన రెండో రోజే నడిపించారు. వరండా ఇటు చివర నుంచి అటు చివరికి నలభై ఒక్క అడుగులు, అందులో మూడు చోట్ల గచ్చు బోలుగా మోగుతుంది. మొన్న పదో తారీఖున కాగితం వచ్చింది. సర్జను కూర్చోబెట్టి చదివి చెప్పాడు. గోడ దాటి కొవ్వులోకి కాస్త తొంగిచూసిందట. గ్రంథులు ఏడు చూశారట, ఏడూ శుభ్రం. ‘మందులేమీ అక్కర్లేదు, మూడు నెలలకోసారి వచ్చి కనపడండి’ అన్నాడు. నీ మరదలు ఆయన ముందే ఏడ్చేసింది. ఇంటికొచ్చాక రెండు నెలల తర్వాత మొదటిసారి నా మీద విసుక్కుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీకు ఇప్పటిదాకా చెప్పని భయం ఒకటి చెబుతాను. వార్డులో పక్కమంచం ఆయన ఇళ్లకి రంగులేసేవాడు. ఆయనది మూడో స్టేజి. కీమో మందు ఎక్కించాక వేళ్లు మొద్దుబారిపోయాయట. చొక్కా గుండీ పెట్టుకోలేడు. చల్లటి కుళాయి ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టు ఉంటుందట. నేను ఆయన చేతులే చూస్తూ పడుకునేవాణ్ని. లీకు పట్టేది ఒక్క చెవులే కాదక్కా. కడ్డీని వాల్వు మీద పెడితే ముందు వేళ్లలోకి వణుకు వస్తుంది, తర్వాత చెవికి చప్పుడు. వేళ్లు పోతే నేను సగం చెవిటివాణ్ని. అది నాకు తప్పింది.

మే నెలలో పనిలోకి వెళ్తాను. గుట్ట రోడ్డు కింద ఒక పాత లైను కారుతోంది, రెండు నెలలుగా ఎవరికీ దొరకట్లేదు. నా కోసం అట్టేపెట్టారనుకో.

నీ తమ్ముడు


ఆసుపత్రి ల్యాబు, వెనకగది
మార్చి 19

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నువ్వు లేచి తిరుగుతున్నందుకు సంతోషం.

ఒక పని చెయ్యి. ఆ కాగితంలో గ్రంథుల గురించి ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపు. నీ మాటల్లో వద్దు. ఏడా, పదిహేడా అన్నది సరిగా చూడు.

అక్క


మా ఇల్లు, వంటగది బల్ల
మార్చి 24

అక్కా,

నీ ఉత్తరం చూసి నీ మరదలు ‘వదిన ఇంతేనా రాసింది’ అని కాగితం తిరగేసి కూడా చూసింది. నువ్వు పేజీలకి పేజీలు తిడితే నాకు భయం లేదు. రెండు ముక్కలు రాస్తేనే భయం.

ఇదిగో వాక్యం. ‘లింఫ్ గ్రంథులు: కొవ్వులో ఏడు దొరికాయి. ఏడింటిలోనూ కణితి లేదు.’ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. నీ మరదలు కూడా చూసింది. ఏడే.

సర్జనుకి నచ్చింది, ల్యాబుకి నచ్చింది, నాకూ నచ్చింది. నీకు నచ్చనిది అందులో ఏముంది?

నీ తమ్ముడు


నా ఇల్లు
మార్చి 28

తమ్ముడూ,

ల్యాబులో కూర్చుని రాస్తే మాట గట్టిగా వస్తుందేమోనని ఇంటికొచ్చి రాస్తున్నాను.

పేగు క్యాన్సరు ముక్కలో కనీసం పన్నెండు గ్రంథులైనా చూడాలన్నది మా పనిలో నియమం. పన్నెండు కంటే తక్కువ చూసి ‘పాకలేదు’ అంటే ఆ మాట మీద పూర్తిగా ఆనుకోలేం. నీ రిపోర్టులో అబద్ధం లేదు. ఏడు చూశారు, ఏడూ శుభ్రమే. కానీ ఆ కొవ్వులో ఇంకెన్ని ఉన్నాయో, అవి ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు. కొందరికి నిజంగానే తక్కువ ఉంటాయి. అదీ వెతికి చూస్తేనే తెలుస్తుంది.

చూసినవి పోను మిగిలిన కొవ్వుని మందులో పెట్టి ఉంచుతారు. రిపోర్టు ఇచ్చాక ఒక నెల. నీది ఏప్రిల్ పదో తారీఖు దాకా ఉంటుంది, ఆ తర్వాత పారేస్తారు. నువ్వు వెళ్లి సర్జనుతో ‘మిగిలింది కూడా ఇంకోసారి వెతికించండి’ అను చాలు. వాళ్లకి కోపం రాదు, ఇది మామూలుగా జరిగేదే. ఏమీ దొరక్కపోతే నీ రెండో స్టేజి గట్టిపడుతుంది. హాయిగా పడుకుంటావు.

ఇది పెడచెవిన పెట్టకు.

అక్క


మా ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
ఏప్రిల్ 2

అక్కా,

‘ఏమీ దొరక్కపోతే’ అని రాశావు. దొరికితే ఏమవుతుందో రాయలేదు. నువ్వు రాయకపోయినా నాకు తెలుసు, రంగులేసే ఆయన వేళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి.

ఆ గడ్డ పోయింది. కుట్లు మానాయి. నీ మరదలు మళ్లీ పాత పాటలు కూనిరాగం తీస్తోంది, శ్రుతి తప్పినా వింటున్నాను. ఇప్పుడు వెళ్లి ‘అయ్యా, నాలో ఇంకేమైనా ఉందేమో చూడండి’ అని అడగమంటావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నేను అడగను.

పెద్దదానివని నీ మాట ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాను. ఒళ్లు నాది, నన్ను వదిలెయ్.

నీ తమ్ముడు


ఆసుపత్రి ల్యాబు, వెనకగది
ఏప్రిల్ 6

తమ్ముడూ,

సరే, నీ ఇష్టం.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మా గదికి కొత్త ఫ్యాను బిగించారు, గాలి తక్కువ, మోత ఎక్కువ. నీ చెవులకైతే ఒక్క పూట పట్టదు. ఆకలి వేస్తోందా? బరువులు ఎత్తకు. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


మా ఇల్లు
ఏప్రిల్ 15

అక్కా,

నిన్న సర్జను పిలిపించాడు. ‘మీ అక్కగారు ఆరో తారీఖున మా పాథాలజీ డాక్టరమ్మకి ఫోను చేశారట, ఆవిడ మళ్లీ వెతికారు’ అన్నాడు. ఆ డాక్టరమ్మ ఒకప్పుడు మీ ల్యాబులోనే పని నేర్చుకుందట కదా. నీ మాట కాదనలేకపోయింది పాపం. ఇంకో తొమ్మిది దొరికాయట. మొత్తం పదహారు. రెండింటిలో ఉంది. నాది మూడో స్టేజి.

తారీఖులు చూసుకున్నాను. నాకు ‘సరే, నీ ఇష్టం’ అని రాసిన రోజే నువ్వు ఆవిడకి ఫోను చేశావు. ఫ్యాను గురించి రాశావు, ఎండల గురించి రాశావు. ఇంతకాలం నువ్వు నాతో అబద్ధమాడవనుకున్నాను.

నాకు లేని బాధ నీకెందుకు పట్టింది? కందకి లేని దురద కత్తిపీటకెందుకు అక్కా? నా ఒంట్లో ముక్కని నన్ను అడక్కుండా నీ చేతులతో కెలికినట్టుంది. నీ మరదలు నిన్నటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. వంటగదిలో ఒకే గిన్నెని మళ్లీ మళ్లీ తోముతోంది.

మందు మొదలుపెడితే ఈ నెలాఖరులోపే పెట్టాలట, ఆలస్యమైతే ప్రయోజనం తగ్గుతుందట. నేను రానన్నాను. ఎన్నాళ్లు బతికితే అన్నాళ్లు నా వేళ్లతో బతుకుతాను. నువ్వు ఇక రాయకు.


నా ఇల్లు
ఏప్రిల్ 18

తమ్ముడూ,

రాయొద్దన్నావు. ఇది చదివి, ఇకముందు నావి విప్పకుండానే పడేసినా ఏమీ అనను.

నిన్ను అడక్కుండా చెయ్యడం తప్పు. అబద్ధం రాయడం ఇంకా తప్పు. పదో తారీఖు దగ్గర పడుతోంది, నువ్వు కదలవు, ఆ డబ్బా పారేశాక మరి దారి లేదు. అందుకని చేశాను. నువ్వు కోప్పడాల్సిందే, పడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను.

నేను ల్యాబులో చేరిన మూడో ఏడు. ఒక టైలరు పేగు ముక్క వచ్చింది. కొవ్వు వెతికే పని అప్పుడే నాకు అప్పజెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం కూర్చున్నాను. ఆరు దొరికాయి. పళ్లెంలో సగానికి పైగా కొవ్వు ఇంకా ముట్టుకోనేలేదు. గడియారం చూస్తే నాలుగు కావడానికి పావుగంట ఉంది. డాక్టరుగారు గుమ్మంలోంచి ‘ఎన్నమ్మా’ అన్నారు. ‘ఆరు సార్, అంతే ఉన్నాయి’ అన్నాను. ఆరే దొరికాయి అనలేదు, అంతే ఉన్నాయి అన్నాను. ఆయన నన్ను నమ్మి అదే రాశారు. ఆరూ శుభ్రం. టైలరుకి మందు అక్కర్లేదన్నారు.

ఏడాదిన్నర దాటాక ఆయన మళ్లీ వచ్చాడు, కాలేయంలో ఉందని. పాత కాగితాల నకలు కావాలని మా కిటికీ దగ్గర నిలబడ్డాడు. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చాడు. ‘అప్పుడేమీ లేదన్నారు కదమ్మా’ అని నన్నే అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. నేను కాగితం ఇచ్చి లోపలికి వచ్చేశాను. అప్పటికి ఆ డబ్బా ఎప్పుడో పారేశారు. ఏడోది ఉందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఉన్నా, అప్పుడు దొరికినా, ఆయన బతికేవాడో లేదో అదీ తెలియదు. అప్పటి నుంచి నా బల్ల మీదికి వచ్చిన ఏ పళ్లెంలోనూ ముట్టని కొవ్వు మిగలలేదు.

ఆ రోజు అంత తొందరగా ఎందుకు లేచానో చెప్పాలా వద్దా అని ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. నీతో ఇంకో అబద్ధం వద్దు. నాలుగున్నరకి నీ రైలు. నువ్వు ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్నావు, బండి ఇరవై నిమిషాలే ఆగుతుంది, ఇంటికెళ్లి భోజనం డబ్బా తీసుకుని స్టేషనుకి రావాలి. చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తాను. నువ్వు కంపన్నది ఆ టైలరు డబ్బాదే.

తప్పు నీది కాదు, రైలుదీ కాదు. ‘ఇంకా ఉంది సార్, రేపు వెతుకుతాను’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. నీ ఉత్తరంలో ‘ఏడు చూశారట’ అని చదివినప్పుడు నాకు మళ్లీ ఆ గుమ్మం, ఆ గడియారం కనిపించాయి.

నీ వేళ్లకి ఏమీ కాదని చెప్పను. కావచ్చు. చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి కొంత ఉండిపోతుంది. ఎక్కువవుతుంటే చెబితే మోతాదు తగ్గిస్తారు, ఆపుతారు కూడా. మూడో స్టేజి అంటే ఇంకా మందుకి అందే స్టేజి. తిరగబెట్టే అవకాశాన్ని ఈ మందు బాగా తగ్గిస్తుంది. పూర్తిగా తీసేస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆ టైలరుకి ఎంచుకోవడానికి ఏమీ మిగల్చలేదు నేను. నీకు మిగిలింది. ఆ తర్వాత నీ ఇష్టం, ఈసారి నిజంగానే.

అక్క


మా ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 29

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఇరవై మూడో తారీఖు పొద్దున మా పొడుగాయన వచ్చాడు. నాతో పదేళ్లుగా పనిచేస్తున్నాడు, నీకు రాసే ఉంటాను. గుట్ట రోడ్డు లైను కాగితం చూపించి సంతకం పెట్టమన్నాడు. ఆ రోడ్డు మీద పాతిక వాల్వులున్నాయి. తొమ్మిదింటి దగ్గర టిక్కు పెట్టి, కింద ‘లీకు లేదు’ అని రాశాడు. మిగతావేవీ అన్నాను. ‘మూతలు తారు కింద పడిపోయాయి అన్నా, తవ్వితే గానీ దొరకవు. విన్న తొమ్మిదీ బాగానే ఉన్నాయి’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ‘వినని చోట లీకు లేదనకు అని నీకు ఎన్నిసార్లు చెప్పాను? వినలేదు అని రాయి. తారు తవ్వించు. నీకు తవ్వడం ఇష్టం లేదని నీళ్లు ఆగుతాయా?’ అని కేకలేశాను. కుట్లు లాగాయి.

తల తిప్పితే నీ మరదలు వంటగది గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. పొడుగాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు నీ మరదలితో ‘రేపు ఆసుపత్రికి వెళ్దాం’ అన్నాను. అది గిన్నె కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇరవై నాలుగున మొదటిసారి ఎక్కించారు. మూడు వారాలకోసారి, నాలుగు సార్లు. మధ్యలో మాత్రలు. నోట్లో నాణెం పెట్టుకున్నట్టుంది రుచి. నిన్న మరిచిపోయి కడ్డీ పట్టుకున్నాను. చల్లటి ఇనుము, చెయ్యి భుజం దాకా జివ్వుమంది. కడ్డీని పాత తువ్వాలులో చుట్టి తలుపు వెనక పెట్టాను.

నీ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధం. సగం పోయింది. రైలు సంగతి మాత్రం మింగుడు పడట్లేదు. ఆ డబ్బాలో భోజనం నేను ఆ రాత్రంతా కొంచెం కొంచెం తిన్నాను. ఊరు కాని ఊరికి పోతుంటే, నా కోసం ఒకరు పరిగెత్తుకొచ్చారని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. దాని ఖరీదు ఇంకొకరు కట్టారేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. నువ్వు ఒక్కదానివే ఇంతకాలం మోశావా అక్కా?

నీ తమ్ముడు


ఆసుపత్రి ల్యాబు, వెనకగది
మే 5

తమ్ముడూ,

మిగతా సగం కోపం నీ దగ్గరే ఉంచుకో, తొందరేం లేదు.

ఫ్రిజ్‌లోవి తీసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకో. నీళ్లు గోరువెచ్చగా తాగు. వేళ్ల తిమ్మిరి ఎన్ని రోజులుంటోందో కాగితం మీద రాసి ప్రతిసారీ డాక్టరుకి చూపించు. మగాణ్ని, ఓర్చుకుంటానని దాచకు. దాచడం మన ఇంటి జబ్బు, అది ఇద్దరితో ఆగిపోనీ.

ఒక్కదాన్నే మోశానా అని అడిగావు. అవును. ఆ ఉత్తరం పోస్టులో వేసిన రోజు ఇంటికొచ్చి, చాలా ఏళ్ల తర్వాత పగలే నిద్రపోయాను.

అక్క


మా ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
సెప్టెంబరు 21

అక్కా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కళ్లు చిట్లించకు. కలం పట్టుకున్నట్టు వేళ్లకి తెలియట్లేదు, చూసుకుంటూ రాస్తున్నాను. ఈ ఒక్క ఉత్తరానికి మూడు పూటలు పట్టింది.

మందు జూలైలోనే అయిపోయింది. మూడోసారికే తిమ్మిరి తగ్గకుండా ఉండిపోతే, నువ్వు చెప్పినట్టు కాగితం చూపించాను. నాలుగోసారి మోతాదు తగ్గించారు. పోయిన వారం స్కాను, రక్తపరీక్ష చేశారు. ఇప్పటికైతే ఎక్కడా ఏమీ కనిపించలేదు. ఇప్పటికైతే అన్నది సర్జను మాట, నేను అలాగే రాస్తున్నాను. రెండేళ్లు గట్టిగా చూస్తూ ఉండాలట, ఆ తర్వాత ఇంకో మూడేళ్లు. గుండీలు నీ మరదలే పెడుతోంది. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు పొద్దున్నే ఎదురెదురుగా నిలబడి ఆ నాలుగు ముక్కలూ మాట్లాడుకుంటున్నాం.

ఈ నెల మొదట్లో పనిలోకి వెళ్లాను. గుట్ట రోడ్డు ఇంకా కారుతూనే ఉంది. పదహారు మూతలు తారు కిందే ఉంటే తవ్వించారు. తెల్లవారకముందే వెళ్లాం. కడ్డీ పట్టుకుంటే వేళ్లకి ఏమీ రాలేదు, కర్ర పట్టుకున్నట్టుంది. కాసేపు రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుండిపోయాను. తర్వాత పొడుగాయన్ని కడ్డీ పట్టుకోమని, పై చివర నా చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాను. అతను ఒక్కో వాల్వు దగ్గర వంగుతాడు, నేను వింటాను. పాతికా విన్నాం. ఇరవై రెండో దాని దగ్గర ఉంది. సన్నగా, ఎవరో పళ్ల మధ్య నుంచి ఊపిరి వదిలినట్టు. మళ్లీ విన్నాను, అదే. పొడుగాయన ‘దొరికిందా అన్నా’ అన్నాడు. దొరికిందన్నాను. అయినా మిగిలిన మూడూ వినే ఇంటికొచ్చాను.

నీ మరదలూ నేనూ నీ దగ్గరికి వస్తున్నాం. వచ్చే నెల పన్నెండో తారీఖు, అదే రైలు, టైము కూడా మారలేదు, నాలుగున్నర. ఈసారి బండి ఇరవై నిమిషాలు ఆగి పోయినా మేం పోం, దిగుతున్నాం.

నువ్వు స్టేషనుకి రాకు. ఆ రోజు నీ బల్ల మీద ఎవరి పళ్లెం ఉంటే అది చివరి దాకా వెతికి, చేతులు కడుక్కుని, అప్పుడు లే. మేం బెంచీ మీద కూర్చుంటాం. ఎంతసేపైనా పర్వాలేదు.

నీ తమ్ముడు